మెరక బాకీ

సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లమని ఎవరికైనా చెప్పి చూడండి. ఎండ, దుమ్ము, వీధికుక్కలు, లారీలు అన్నీ ఏకరువు పెట్టాక చివర్లో అసలు మాట బయటికొస్తుంది: ‘‘అంతా బాగానే ఉంటుంది గానీ, ఆ చడావు దగ్గరే ప్రాణం పోతుందండీ.’’ హైదరాబాదులో ఆ చడావు పంజాగుట్ట వైపు నుంచి బంజారాహిల్స్ ఎక్కేది కావచ్చు. విశాఖలో బీచ్ రోడ్డు నుంచి వాల్తేరు అప్‌లాండ్స్ వైపు తిరిగేది కావచ్చు. బెజవాడలో ఊరి నడుమ కొండలున్నా దారులు చాలావరకు చదునే. ఆ కొరత అక్కడ ఫ్లైఓవర్లు తీరుస్తున్నాయి. ఈ ఫిర్యాదుకు మన దగ్గర సలహాలు తయారుగా ఉంటాయి. కాళ్లలో సత్తువ రావాలి, రోజూ తొక్కితే అదే వస్తుంది అంటారు కొందరు. కింద నుంచే ఊపు మీద వచ్చి ఎక్కేయాలి అంటారు ఇంకొందరు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ వీటిని నమ్ముకుని మొదలుపెట్టిన చాలామంది సైకిళ్లు నెల తిరక్కుండా బాల్కనీలో బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయంటే అందులోనూ ఈ సలహాల వాటా ఉందని నా అనుమానం. మెరక ఎక్కడంలో మెరుగుపడటమంటే ముందుగా నెమ్మదిగా ఎక్కడం నేర్చుకోవడమని నేనంటాను. సత్తువ తర్వాత వస్తుంది, దానంతట అదే వస్తుంది. దాన్ని ముందే రప్పించాలని మొదటి నెలంతా మోకాళ్లను హింస పెట్టనక్కర్లేదు.

ఈ మాటకు ఆధారం ఒక చిన్న లెక్క. హుస్సేన్‌సాగర్ నిండినప్పటి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు బంజారాహిల్స్‌లో, సుమారు 672 మీటర్ల దగ్గర ఉంది. అంటే ట్యాంక్‌బండ్ దగ్గరి నుంచి నగరపు నెత్తి మీదికి ఎక్కాలన్నా తేడా 160 మీటర్లే. అరవై కిలోల మనిషి, పదిహేడు కిలోల సైకిలు, మూడు కిలోల సంచి, మొత్తం 80 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని 125 కిలోజౌళ్లు. మన శరీరం తిన్న తిండిలో పెడల్ దాకా చేర్చేది నాలుగో వంతు, అంతకన్నా కొంచెం తక్కువ; మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ నష్టం కూడా కలుపుకుంటే మొత్తం ఖర్చు 130 కిలోక్యాలరీల దగ్గర తేలుతుంది. రెండు మూడు ఇడ్లీలు. చట్నీ లెక్కలో లేదు. హైదరాబాదు నగరం మొత్తం ఎత్తు ధర ఇంతే అయినప్పుడు, ఆఫీసు దారిలోని ఒక్క చడావు మనల్ని అంతగా ఎందుకు రొప్పిస్తుంది? బాకీ పెద్దదై కాదు, దాన్ని మనం ఒక్కసారిగా కట్టేయాలని చూస్తాం కాబట్టి. 30 మీటర్ల ఎత్తు, నూటికి అయిదు వాలు, అంటే 600 మీటర్ల పొడవున్న మెరకను తీసుకోండి. గంటకు 14 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే రెండున్నర నిమిషాల్లో పైకి చేరతాం. ఆ రెండున్నర నిమిషాలూ కాళ్లు దాదాపు 190 వాట్ల శక్తి ఇవ్వాలి. 7 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే అయిదు నిమిషాలు పడుతుంది, 90 వాట్లు చాలు. అసలు మొత్తం మారదు. బరువు, ఎత్తు మన చేతిలో లేవు. వాయిదా మాత్రం పూర్తిగా మన ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి 90 వాట్లను అయిదు నిమిషాలేం ఖర్మ, చాలాసేపు ఇవ్వగలడు. 190 వాట్లు కాసేపు ఇచ్చేసరికే రోడ్డు పక్కన కాలు ఆనించి, ఫోన్ వచ్చినట్టు నటించాల్సి వస్తుంది.

ఊపు సంగతి కూడా లెక్కలోనే తేల్చుకోవచ్చు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చి మెరకకు తగిలామనుకుందాం. ఆ వేగం మొత్తాన్ని ఎత్తుగా మార్చుకున్నా దక్కేది రెండున్నర మీటర్లకు లోపే. ఆరేడు మీటర్ల ఫ్లైఓవర్‌లో అది మూడో వంతు, కాబట్టి ఫ్లైఓవర్ దగ్గర ఊపు సలహా కొంత పనిచేస్తుంది. 30 మీటర్ల చడావులో పన్నెండో వంతు కూడా కాదు. పైగా మన ఊళ్లలో ఎత్తు మొదలయ్యే చోటే ఒక స్పీడు బ్రేకరో, సిగ్నలో, బస్సు కోసం రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డ జనమో ఉంటారు గనుక ఆ పన్నెండో వంతు కూడా చేతికందదు. ఊపు కోసం కింద కాళ్లను అలవగొట్టుకోవడంలో ఇంకో నష్టం ఉంది. పని ఒక్కసారిగా పెరిగినప్పుడు ఊపిరితిత్తులు, గుండె, రక్తప్రసారం దానికి తగినట్టు సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపల కండరాలు ఆక్సిజన్ చాలకుండానే పని నడిపించుకుంటాయి. కండరాల పనిమీద పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి పొందిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్ 1920ల్లో దీనికి ‘ఆక్సిజన్ అప్పు’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాతి శాస్త్రవేత్తలు ఆ సిద్ధాంతంలో చాలా సవరణలు చేశారు గానీ, మెరక ఎక్కేవాడికి పనికొచ్చే భాగం చెక్కుచెదరలేదు. మొదటి వంద మీటర్లలో చేసిన దూకుడికి మిగతా అయిదు వందల మీటర్లలో ఆయాసం రూపంలో కడతాం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మెరక పాదం దగ్గర అవసరం కన్నా తక్కువ వేగంతో మొదలుపెడతారు. చూసేవాళ్లకు బద్ధకంగా కనిపిస్తుంది. సగం దాటాక చూస్తే వాళ్లే ముందుంటారు.

నెమ్మదిగా ఎక్కండి అని చెప్పడం సులువే, దానికి సైకిలు ఒప్పుకోవాలి కదా అని ఎవరైనా అడిగితే అది సరైన ప్రశ్నే. మన దేశంలో తరతరాలుగా నడుస్తున్న 28 అంగుళాల నల్ల సైకిలు సంగతి చూడండి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్న సైకిలు పెడల్ ఒక్క చుట్టు తిప్పితే అయిదున్నర మీటర్ల దాకా ముందుకు పోతుంది. చదును రోడ్డు మీద అది వరం. గంటకు 7 కిలోమీటర్ల వేగంతో మెరక ఎక్కాలంటే మాత్రం నిమిషానికి 21 చుట్లే తిప్పాలి. ఆ 90 వాట్లనే 21 చుట్లలో ఇవ్వాలంటే కాలు పెడల్‌ను సగటున పాతిక కిలోల బరువుతో నొక్కుతూ ఉండాలి. గట్టిగా నొక్కే క్షణంలో అది ఇంకా ఎంతో ఎక్కువ. సీటు మీద కూర్చుని అయ్యే పని కాదు గనుక లేచి నిలబడి, ఒంటి బరువంతా ఒక్కో పెడల్ మీద వేసి, హ్యాండిల్ గుంజుతూ ఎక్కుతారు. ఇప్పుడు ముందు 24, వెనక 28 పళ్లున్న గేరు వేసుకున్న సైకిలు చూడండి. ఒక చుట్టుకు రెండు మీటర్ల లోపే కదులుతుంది. అదే వేగానికి నిమిషానికి 66 చుట్లు తిప్పాలి, సగటు ఒత్తిడి 8 కిలోలకు దిగుతుంది. శక్తి అంతే, మోకాలి మీద బరువు మూడో వంతు. కండరాలకూ ఈ తేడా తెలుస్తుంది. గట్టిగా నొక్కాల్సి వచ్చినప్పుడు శరీరం త్వరగా అలిసిపోయే వేగపు తంతువుల్ని పనిలోకి దించుతుంది. తేలిగ్గా ఎక్కువసార్లు తిప్పుతున్నప్పుడు అలుపు తెలియని నిదానపు తంతువులతోనే చాలావరకు నెట్టుకొస్తుంది. గేర్ల సైకిలు కొనే స్తోమత లేనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. 18 పళ్ల ఫ్రీవీలు తీసేసి 22 పళ్లది వేయించుకుంటే చుట్టుకు అయిదున్నర మీటర్లు కాస్తా నాలుగున్నరకు తగ్గుతాయి, చైను కొంచెం పొడవు చేయాల్సి రావచ్చు. రిపేరు షాపులో గంట పని. చదునులో కాస్త ఎక్కువ తిప్పాలి, అంతే. ఇంత చవగ్గా అయ్యే ఈ మార్పును మన షాపుల్లో ఎవరూ తమంతట తాము చెప్పరు, మనవాళ్లెవరూ అడగరు. ఎందుకంటే మెరక ఎక్కలేకపోతే తప్పు కాళ్లదే అని ఇద్దరికీ ముందే తీర్మానమైపోయింది.

ఈ తీర్మానం మనదొక్కరిదే కాదు. ఫ్రాన్సులో సెంట్ ఎటియెన్ అనే కొండల ఊళ్లో పాల్ ద వీవీ అనే పత్రికా సంపాదకుడు ఉండేవాడు, వెలోసియో అన్న కలం పేరుతో ప్రసిద్ధుడు. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచే ఆయన సైకిలుకు అనేక గేర్లుండాలని రాస్తూ, తొక్కి చూపిస్తూ పోరాడాడు. ఆయనకు ఎదురు నిలిచినవాడు సామాన్యుడు కాదు, తర్వాత టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్. గేర్లు నలభై అయిదేళ్లు దాటినవాళ్లకేననీ, కండబలంతో గెలవడమే గొప్పతనమనీ ఆయన 1902లో బహిరంగంగా వెక్కిరించాడు. ఆ మాట మీదే నిలబడి, ఆల్ప్స్, పిరెనీస్ పర్వతాలు ఎక్కే పందెంలో పోటీదారులకు డిరైలర్ గేర్లు, అంటే చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే గేర్లు, దక్కకుండా చూశాడు. వాటికి అనుమతి వచ్చింది 1937లో. అప్పటిదాకా కొండ పాదం దగ్గర దిగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకుని, రెండో పక్కనున్న పెద్ద పళ్లచక్రంతో ఎక్కేవాళ్లు. ఇవాళ అదే పందెంలో ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్లున్నవాళ్లు వెనక 30కి పైగా పళ్లున్న చక్రాలు పెట్టుకుని ఎక్కుతున్నారు, ఎవరూ నవ్వడం లేదు. సాంకేతికంగా ఎప్పుడో చేతికందిన సుఖాన్ని పౌరుషం పేరుతో మూడు దశాబ్దాల పైన ఆపగలిగారంటే, మన కాలనీలో తేలిక గేరు వేసుకోవడానికి ఒక పెద్దమనిషి మొహమాటపడటం వింతేం కాదు. మెరక మీద సైకిలు దిగి నడిపించుకుపోవడం గురించీ ఇదే మాట చెప్పాలి. వాలు మరీ ఎక్కువై, వేగం నడక స్థాయికి పడిపోయినప్పుడు దిగి తోసుకుంటూ పోవడంలో ఓటమేమీ లేదు. అక్కడ రెంటికీ పట్టే సమయం దాదాపు ఒకటే, మోకాళ్లకు నడకే మేలు.

గేరు తర్వాత అందరూ చూసేది బరువు. తేలిక సైకిలు కొంటే మెరక తేలికవుతుందన్న నమ్మకం మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. మన 600 మీటర్ల మెరక మీద, 7 కిలోమీటర్ల వేగం దగ్గర, సైకిలు బరువు ఒక కిలో తగ్గితే మిగిలేది దాదాపు ఒక్క వాటు. టైర్లలో గాలి సరిగ్గా ఉంటే రోడ్డు రాపిడికి పోయేది సుమారు 9 వాట్లు. గాలి దిగిపోయి ఆ రాపిడి రెట్టింపైతే ఇంకో 9 వాట్లు నేల పాలు. అంటే వారానికోసారి గాలి కొట్టించుకోనివాడు ఎనిమిది తొమ్మిది కిలోల అదనపు బరువు మోస్తున్నట్టే. వేలు పోసి రెండు కిలోలు తగ్గించుకునే ముందు పంచర్ షాపు దగ్గర ఆగడం మంచిది. సీటు ఎత్తు సంగతి ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని మనవాళ్లు సీటును కిందికి దించేసుకుంటారు. అలా కూర్చుంటే మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, తొడ కండరం సగం దూరమే పనిచేస్తుంది, నెల తిరిగేసరికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. దానికి మెరకను తిడతారు. సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ కొలత. కొత్తలో ఆగేటప్పుడు భయంగా ఉంటుంది గనుక ఒక్కో వేలెడు చొప్పున పెంచుకుంటే సరి. చైనుకు నూనె, బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకోకుండా చూసుకోవడం అందరికీ తెలిసినవే, చెప్పి విసిగించను.

ఆఫీసుకు వెళ్లేవాడికి ఇంత నిదానం ఎక్కడ కుదురుతుంది అన్నది మొదటి అభ్యంతరం. కుదురుతుంది, ఎందుకంటే పైన లెక్కలో తేడా రెండున్నర నిమిషాలు. దారిలో ఇలాంటి మెరకలు రెండున్నా అయిదు నిమిషాలు. ఒక్క సిగ్నల్ దగ్గర తప్పిపోయే పచ్చలైటు ధర అది. రొప్పుకుంటూ త్వరగా చేరినవాడు ఆ అయిదు నిమిషాలూ ఆఫీసు బాత్రూంలో చొక్కా ఆరబెట్టుకుంటూ ఖర్చు చేస్తాడు. అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నెమ్మదిగా ఎక్కితే చెమటే పట్టదని చెప్పేవాళ్లు ఉన్నారు, అది సరికాదు. పుట్టే వేడి మొత్తం రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానం. బాకీ ఒకటే కదా. తేడా అది పుట్టే వేగంలో ఉంది. 190 వాట్లతో తొక్కేవాడి ఒంట్లో క్షణక్షణానికి 600 వాట్లకు పైగా వేడి పుడుతుంటే, 90 వాట్లవాడి ఒంట్లో 300 వాట్లు. రెండోది పుట్టింది పుట్టినట్టు చాలావరకు బయటికి పోగలదు, మొదటిది లోపల పేరుకుని, సైకిలు దిగాక పది నిమిషాల పాటు చెమటగా కారుతూనే ఉంటుంది. మెరక మీద ఎదురుగాలి కూడా ఉండదు గనుక చదునులో దొరికే చల్లదనం ఇక్కడ లేదు. హైదరాబాదు ఎండాకాలంలో గాలి పొడిగా ఉండి చెమట ఆరిపోతుంది, విశాఖ ఉక్కపోతలో అదీ ఆరదు. కాబట్టి విశాఖవాళ్లు ఇంకొంచెం నెమ్మదిగా ఎక్కాలి, సంచి వీపున కాకుండా క్యారియర్‌కు కట్టుకోవాలి, మెరక అయ్యాక మిగిలిన దూరాన్ని తీరిగ్గా తొక్కి ఒంటిని చల్లబరచుకోవాలి. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరెంత నెమ్మదిగా ఎక్కినా అది మంచి ఆలోచన కాదు.

రెండో అభ్యంతరం గట్టిది. ఎప్పుడూ సుళువుగానే ఎక్కుతుంటే ఒళ్లు ఎప్పటికి గట్టిపడుతుంది, శ్రమ లేకుండా శక్తి ఎక్కడిదని. పోటీకి తయారయ్యేవాడి విషయంలో దీనికి తిరుగులేదు, వాడు ఊపిరాడనంత వేగంతో కూడా సాధన చేయాల్సిందే. కానీ ఆఫీసు దారిలో ఎక్కేవాడి ‘సుళువు’ ఏపాటిదో చూడాలి. 60 కిలోల మనిషి 90 వాట్లతో తొక్కుతున్నాడంటే ఊరికే కూర్చున్నప్పటి కన్నా ఆరు రెట్లకు మించి శక్తి ఖర్చు చేస్తున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ స్థాయి తీవ్రమైన వ్యాయామం కిందికే వస్తుంది. అదీ వారానికి అయిదారు రోజులు, మానేద్దామన్నా జీతం మానేయనివ్వదు. శరీరం మారేది ఇలాంటి పదేపదే చేసే పనితోనే. మొదటి ఒకటి రెండు వారాల్లో రక్తంలోని ద్రవభాగం పెరిగి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. ఆ తర్వాత వారాల్లో కండరాల లోపల మార్పు మొదలవుతుంది. అమెరికాలో జాన్ హాలోజీ 1967లో ప్రచురించిన ప్రయోగంలో, వారాల తరబడి పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియా ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయి. మనుషుల్లోనూ ఆ దిశలోనే మార్పు ఉంటుందని తర్వాతి పరిశోధనలు నిలబెట్టాయి. ఆ ఎలుకల్ని వారాల తరబడి పరుగెత్తించారన్నది గమనించండి. మొదటి వారమే చచ్చేట్టు ఎక్కి, రెండో వారం బైక్ తాళం వెతుక్కునేవాడికి ఈ మార్పులేవీ అందవు. మెరుగుదల కొలిచే తీరు కూడా మార్చుకోవాలి. గడియారం చూసుకునేవాడు గాలివాటం, సిగ్నళ్లు, ముందున్న ఆటో వేగం కొలుస్తుంటాడు. పైకి చేరేసరికి ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకగలుగుతున్నామా అన్నది మంచి కొలత. మొదటి వారం రెండు మాటలకే ఊపిరి తెగిన చోట, రెండు నెలల తర్వాత పక్కవాడితో రాజకీయాలు మాట్లాడగలిగితే కాళ్లకు కావలసిన సత్తువ వచ్చినట్టే. కావాలంటే వారానికి ఒక రోజు, మనసు బాగున్న రోజు, కాస్త గట్టిగా ఎక్కొచ్చు. ఛాతీ పట్టేసినట్టుండటం, ఎడమ చెయ్యి లాగడం, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం ఇది సాధన వ్యవహారం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నెమ్మదితనపు కిటుకు మన దగ్గర ఎప్పటినుంచో తెలిసినవాళ్లు ఉన్నారు. తెల్లవారుజామున పేపర్ వేసే కుర్రాళ్లు గేరు లేని సైకిలు మీద, ముందూ వెనకా కట్టలతో కాలనీ చడావుల్ని ఎలా ఎక్కుతారో గమనించండి. నేరుగా ఎక్కరు. రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా వంకర్లు తిరుగుతూ ఎక్కుతారు. నూటికి ఎనిమిది వాలున్న రోడ్డును నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కోస్తే చక్రం కింది వాలు ఆరు లోపుకు దిగుతుంది, దారి మాత్రం 1.4 రెట్లవుతుంది. గేరు సైకిలు చేసే పనే, గేరు లేకుండా. తిరుమల కొండకు దారి వేసినవాళ్లు చేసిందీ ఇదే. అలిపిరి మెట్ల దారి 3,550 మెట్లతో సుమారు తొమ్మిది కిలోమీటర్లలో ముగుస్తుంది. అదే కొండకు 1944లో మొదలైన ఘాట్ రోడ్డు దాదాపు రెట్టింపు పొడవు, వంపులు తిరుగుతూ పోతుంది. కొండ ప్రాంతాల రోడ్లకు మామూలుగా 20కి 1 మించిన వాలు పెట్టకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆ ప్రమాణం ఏ ఇంజినీరూ చూడకముందే ప్లాట్లు పడ్డ మన కాలనీలకు చేరలేదు. అందువల్ల దారి ఎంచుకోవడం కూడా సాధనలో భాగమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ద విగిల్’ అనే సైకిలు దారి ఉంది. నిటారు వీధుల మధ్య మెలికలు తిరుగుతూ, ఎక్కడా నూటికి ఆరు మించని వాలుతో కొండల్ని తప్పించి తీసుకుపోతుంది. హైదరాబాదులో అలాంటి గుర్తులు ఎవరూ పెట్టలేదు గానీ, రైలు పట్టాలు కొంత చెబుతాయి. రైలు ఇంజిను నిటారు ఎత్తును సహించదు కాబట్టి లక్డీకాపూల్, ఖైరతాబాద్, బేగంపేట, బోరబండ, హైటెక్ సిటీ మీదుగా పోయే ఎంఎంటీఎస్ లైను కొండల్ని చుట్టి పోతుంది. పట్టాలకు దగ్గరగా నడిచే వీధులు సైకిలుకూ అనుకూలమే. గమ్యమే కొండ మీదుంటే ఎంత చుట్టు తిరిగినా ఆ ఎత్తు ఎక్కక తప్పదు. మధ్యలో అనవసరంగా దిగి, బ్రేకుల్లో పోగొట్టుకుని, మళ్లీ ఎక్కే ఎత్తు ఒక్కటే ఆదా అవుతుంది. అది తక్కువేం కాదు.

ఈ గొడవంతా ఎందుకు, మోటారు సైకిలు ఉందిగా, పోనీ బ్యాటరీ సైకిలు ఉందిగా అనేవాళ్లకు నేను అడ్డం చెప్పను. బ్యాటరీ సైకిలు మెరక బాకీలో కొంత తాను కడుతుంది, మిగతాది మనచేత కట్టిస్తుంది. అరవై దాటినవాళ్లకు, మోకాళ్లు అరిగినవాళ్లకు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునే తల్లులకు అంతకన్నా మంచి యంత్రం లేదు. తేలిక గేరును ఒప్పుకోని పౌరుషం దాన్నీ ఒప్పుకోదు, అదే చిక్కు.

నా వాదనలో నిజంగా బలహీనమైన చోటు ఒకటుంది, దాన్ని సైకిలు తొక్కేవాడు ఒక్కడే సరిచేయలేడు. నెమ్మదిగా ఎక్కే సైకిలు తిన్నగా పోదు. గంటకు 7 కిలోమీటర్ల దగ్గర ముందు చక్రం అటూ ఇటూ జానెడు ఊగుతుంది, తూగు నిలుపుకోవడానికి అది తప్పదు. పక్కనుంచి కార్లు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటాయి. పేపరు కుర్రాడి వంకర్లు తెల్లవారుజామునే చెల్లుతాయి, తొమ్మిది గంటలకు అలా ఎక్కడం ఆత్మహత్య. అందుకే వెనక హారన్ మోగగానే, కావాలని కాకపోయినా, భయంతో గట్టిగా తొక్కుతారు. నేనిప్పటిదాకా చెప్పిన నిదానమంతా ఆ హారన్‌కు ఎగిరిపోతుంది. మనుషులకు మెరకల మీద ఆయాసం రావడంలో వాలుతో పాటు ఈ భయానికీ వాటా ఉంది. నార్వేలోని ట్రోన్‌హైమ్ పట్టణంలో 1993లో బ్రూబాకెన్ అనే మెరక మీద 130 మీటర్ల పొడవున సైకిళ్లకు లిఫ్టే పెట్టారు. పెడల్ మీద ఒక కాలు ఉంచి, రెండో పాదం వెనకాల ఒక పలక మీద ఆనిస్తే అది పైకి తోసుకుపోతుంది. మనకంత వైభవం అక్కర్లేదు. సియాటిల్ లాంటి అమెరికా నగరాల్లో ఇరుకు రోడ్ల మీద ఎక్కే వైపు మాత్రమే సైకిళ్లకు ప్రత్యేకంగా లేను గీస్తారు. దిగే వైపు సైకిలు వాహనాల వేగానికి దగ్గరగానే పోతుంది కనుక అక్కడ అందరూ కలిసి పోతారు. ఉన్న రోడ్డులో, సగం ఖర్చుతో అయ్యే పని. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పొద్దున్నే వ్యాయామానికి బాగుంది. కాపలా పనికో, ఇంటి పనికో, ఆఫీసుకో రోజూ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ చడావులు ఎక్కేవాళ్ల దారిలో మాత్రం అది లేదు. ఈసారి మీ వీధి చడావుకు కొత్త తారు వేయడానికి వచ్చినప్పుడు మున్సిపల్ ఇంజినీరును ఒక్క మాట అడగండి: ఎక్కే వైపు, ఎడమ అంచున, ఒకటిన్నర మీటర్ల వెడల్పున ఒక తెల్ల గీత గీసి, అక్కడ కార్లు ఆపకుండా చూడమని.